ఐర్లాండ్ పల్లెల్లో ఆరు వేల ఏళ్ల నాటి రాతి సమాధిని చూడటం ఎలా: పోల్‌నబ్రోన్‌తో మొదలుపెట్టి పొలం గట్ల దాకా

డబ్లిన్, గాల్వే, లిమెరిక్‌లలో ఉండే మనవాళ్లు చాలామంది క్లిఫ్స్ ఆఫ్ మోహర్ చూడటానికి వెళ్తూనో వస్తూనో పోల్‌నబ్రోన్ రాతి సమాధి దగ్గర కారు ఆపుతారు, నాలుగు ఫొటోలు దిగుతారు, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. ఆ పది నిమిషాలను గంటన్నర చేసుకోండి, దానికి తోడు ఎవరూ ఆగని మరో సమాధి కూడా చూడండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ రాళ్లను ఎలా చూడాలో ఒకసారి తెలిస్తే ఐర్లాండ్‌లో ఏ పల్లెదారిన పోతున్నా కళ్లు వాటంతట అవే పొలాల్లోకి వెళ్తాయి. ఇండియా నుంచి మొదటిసారి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లినా, చిన్న పిల్లలతో వెళ్లినా, ఒంటరిగా వెళ్లినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ఏ రకం సమాధిని చూడబోతున్నారో ముందే తెలుసుకోండి

ఐర్లాండ్ ద్వీపం మొత్తం మీద ఇలాంటి పెద్ద రాళ్ల సమాధులు 1,500కు పైనే నమోదయ్యాయి. వాటిని నాలుగు రకాలుగా చెబుతారు. ఈ నాలుగింటికీ తేడా తెలియకపోతే ఎక్కడికెళ్లినా రాళ్ల గుట్టే కనిపిస్తుంది, అందుకే ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

కోర్ట్ సమాధిలో ముందు వైపు రాళ్లతో చుట్టిన ఒక ఖాళీ వాకిలి ఉంటుంది, దాని వెనక పొడుగాటి గది, ఆ గదిని రెండుగానో నాలుగుగానో విడదీసే అడ్డరాళ్లు ఉంటాయి. ఇవి ఎక్కువగా దేశం ఉత్తర భాగంలోనే కనిపిస్తాయి. స్లైగో జిల్లాలో ఎన్15 రోడ్డు పక్కనే ఉన్న క్రీవీకీల్ వీటికి మంచి ఉదాహరణ, 1935లో హార్వర్డ్ బృందం తవ్వింది. పోర్టల్ సమాధి మనం ఫొటోల్లో చూసే డాల్మెన్, అంటే ముందు నిలువుగా రెండు ఎత్తైన రాళ్లు, పైన ఒక పెద్ద కప్పుబండ. పోల్‌నబ్రోన్ ఈ రకమే. పాసేజ్ సమాధి గుండ్రటి పెద్ద దిబ్బ, లోపలికి సన్నటి దారి, చివర గది. న్యూగ్రేంజ్ ఈ కోవలోది, ఇవి ఎక్కువగా కొండల మీద, గుంపులుగా ఉంటాయి. నాలుగోది వెడ్జ్ సమాధి. ముందు వైపు ఎత్తుగా, వెడల్పుగా మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడి, కిందికి దిగిపోతుంది. అన్ని రకాల్లోనూ ఇవే ఎక్కువ, 500 దాటాయి. కట్టిన కాలం కూడా మిగతావాటికంటే తర్వాతది, సుమారు క్రీ.పూ. 2500 తర్వాత, రాగి, కంచు వాడకం మొదలైన రోజులు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను క్లేర్ జిల్లాలోని బరెన్ ప్రాంతమే చెబుతాను. అక్కడ ఒకే రోడ్డు మీద పోర్టల్, వెడ్జ్ రెండూ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పైగా నేల మీద చెట్టూ చేమా తక్కువ, సున్నపురాయి బయటికే కనిపిస్తుంటుంది, కాబట్టి సమాధికి వాడిన రాయి ఎక్కడి నుంచి వచ్చిందో పక్కకు తిరిగి చూస్తే తెలిసిపోతుంది. న్యూగ్రేంజ్‌తో మొదలుపెట్టొద్దని నా అభిప్రాయం. గొప్ప చోటే, కానీ అక్కడ మీ వేళకు మీరు తిరగలేరు, బస్సు ఎక్కించి, గైడుతో లోపలికి పంపి, టైం కాగానే బయటికి తెస్తారు. నిదానంగా చూడటం ముందు వేరే చోట అలవాటైతే న్యూగ్రేంజ్‌లో ఆ కొద్ది నిమిషాలూ బాగా ఉపయోగపడతాయి.

2. మ్యాపులో వెతకండి, గూగుల్ ఒక్కటే నమ్ముకోకండి

గూగుల్ మ్యాప్స్‌లో పేరున్న పాతిక, ముప్పై సమాధులు దొరుకుతాయి. మిగతావి కావాలంటే ఐర్లాండ్ నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ వాళ్ల ‘హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్’ అనే ఆన్‌లైన్ మ్యాపు తెరవండి. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. నమోదైన ప్రతి పురాతన కట్టడం మీదా ఒక చుక్క ఉంటుంది, దాని మీద నొక్కితే అది ఏ రకమో, దాని నంబరు ఏమిటో, చాలాసార్లు ఒక చిన్న వివరణ కూడా వస్తుంది. ఆ వివరణ చదవకుండా బయల్దేరకండి, ‘ఒక్క రాయి మాత్రమే మిగిలింది’ అని అందులో ముందే రాసి ఉంటే రెండు గంటల ప్రయాణం మిగులుతుంది.

ఇంకో విషయం, సమాధుల పేర్లు చాలావరకు అవి ఉన్న టౌన్‌ల్యాండ్ పేర్లే. టౌన్‌ల్యాండ్ అంటే ఊరు కాదు, భూమి లెక్కల్లో అతి చిన్న ముక్క, దేశం మొత్తం మీద 60,000 పైన ఉన్నాయి. ఒకే పేరు నాలుగైదు జిల్లాల్లో ఉండటం మామూలే, కాబట్టి పేరుతో పాటు జిల్లా కూడా చూసుకోండి. 1830లు, 40లలో సర్వే చేసి, మైలుకు ఆరంగుళాల చొప్పున గీసిన పాత మ్యాపులు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాటిలో ఇలాంటి సమాధుల పక్కన ‘జెయింట్స్ గ్రేవ్’ అనో, ‘డెర్మట్ అండ్ గ్రానియాస్ బెడ్’ అనో రాసి ఉంటుంది. రెండోది పాత ఐరిష్ కథలో ఇల్లు వదిలి పారిపోయిన ప్రేమజంట, వాళ్లు రోజుకో చోట పడుకున్న మంచాలే ఈ రాళ్లని జనం చెప్పుకునేవారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట చుట్టుపక్కల రాతి సమాధులను మనవాళ్లు రాక్షస గుళ్లు అన్నారు కదా, ఇంత రాయిని మామూలు మనిషి ఎత్తలేడన్న ఆశ్చర్యం రెండు చోట్లా ఒకటే. కాలాలు మాత్రం కలపకండి. మనవి ఇనుప యుగానివి, పోల్‌నబ్రోన్ వాటికంటే వేల ఏళ్లు పాతది, దాన్ని కట్టినవాళ్లకు ఏ లోహమూ తెలియదు.

దొరికిన చోటు లొకేషన్‌ను ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా సేవ్ చేసుకోండి. బరెన్‌లో కొండల మధ్య సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది.

3. రోజు, వేళ

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల వరకు అయితే రాళ్ల సందుల్లో నీలి రంగు జెన్షియన్ పూలు పూసి ఉంటాయి, ఆ కొద్ది వారాలూ బరెన్ చాలా బాగుంటుంది. కానీ రాళ్లను చూడటానికి కావలసింది పూలు కాదు, ఏటవాలు వెలుతురు. పొద్దున్నే, లేదా సాయంత్రం. మిట్టమధ్యాహ్నం ఎండలో సున్నపురాయి తెల్లగా మెరిసి గీతలూ గుంటలూ ఏవీ కనిపించవు, పైగా పదకొండు నుంచి నాలుగు దాకా టూరిస్టు బస్సులు వరసగా వస్తుంటాయి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది కాబట్టి ఏడింటికి వెళ్లినా నిదానంగా చూడొచ్చు. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా చీకటి, అప్పుడు మధ్యాహ్నం తర్వాత కొత్త చోట పొలాల్లోకి దిగకండి.

వాన పడుతుందేమోనని టెన్షన్ పడకండి, పడుతుంది. ఆ తడి రాయి మీద మాత్రం జాగ్రత్త. సున్నపురాయి తడిస్తే పాదం నిలవదు.

4. పట్టుకెళ్లాల్సినవి

మడమ పైదాకా పట్టుకునే, అడుగు గట్టిగా ఉన్న బూట్లు. వాన కోటు, గొడుగు కాదు, ఆ గాలికి గొడుగు నిలవదు. దిక్కులు చూడటానికి కంపాస్, ఫోన్‌లోది చాలు. చిన్న టార్చి, నోట్‌బుక్, నీళ్లు, తినడానికి ఏదైనా. ఫెర్న్ పొదల్లో, గడ్డిలో నడిచే పని ఉంటే నిండు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో టిక్ పురుగులు పట్టాయేమో చూడండి, వాటి వల్ల లైమ్ జబ్బు వచ్చే అవకాశం ఉంది.

5. పోల్‌నబ్రోన్ చేరడం

డబ్లిన్ నుంచి కారులో దాదాపు మూడు గంటలు, గాల్వే నుంచి గంట పైన. గాల్వే వైపు నుంచి వస్తే కిన్‌వారా మీదుగా ఎన్67లో బాలీవాన్ అనే చిన్న ఊరికి చేరుకుంటారు, అది దాటాక ఆర్480 రోడ్డు ఎక్కాలి. ఐల్వీ గుహ వైపు ఎక్కుతూ వెళ్లి, బాలీవాన్ నుంచి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు రాగానే ఎడమ పక్కన కారు పార్కింగ్ కనిపిస్తుంది. టికెట్టు లేదు, గేటు లేదు. పార్కింగ్ నుంచి సమాధికి నాలుగైదు నిమిషాల నడక, దారి బాగానే ఉంటుంది. పెద్దవాళ్లను ఆ దారి వదిలి పక్క బండల మీదికి మాత్రం దిగనివ్వకండి. టాయిలెట్, టీ కావాలంటే అదే రోడ్డు మీద కొంచెం దక్షిణంగా కాహెర్‌కానెల్ రాతి కోట దగ్గర సీజన్‌లో దొరుకుతాయి.

పల్లె రోడ్ల మీద బండి నడిపేటప్పుడు ఒక సంగతి. 2025 ఫిబ్రవరి నుంచి ఐర్లాండ్‌లో లోకల్ పల్లె రోడ్ల మామూలు వేగ పరిమితిని 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. ఆ 60 కూడా చాలా మలుపుల్లో ఎక్కువే. ఎదురొచ్చే రైతు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తాడు, మీరూ ఎత్తండి.

6. దగ్గరికి వెళ్లకముందే ఆగండి

ఈ గైడ్‌లో ఒక్క అంశమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి. సమాధికి యాభై అడుగుల దూరంలో ఆగి, ముందు కింద నేలను చూడండి. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలిచ్చినట్టు, ఇక్కడ బండే నెర్రెలిచ్చి ఉంటుంది. పైన చదునుగా ఉన్న పలకలను క్లింట్లు అంటారు, మధ్యలో లోతుగా దిగిన సందులను గ్రైక్‌లు అంటారు. వాన నీళ్లు వేల ఏళ్లుగా సున్నపురాయిని కరిగిస్తూ ఆ సందులు చేశాయి. ఇప్పుడు తలెత్తి కప్పుబండను చూడండి, ఇదే పలక. దాదాపు నాలుగు మీటర్ల పొడవు, ఒక అడుగు మందం, అయిదు టన్నుల దాకా బరువు. ఎక్కడో దూరపు గని నుంచి లాక్కొచ్చిన రాయి కాదు, ప్రకృతే అటూ ఇటూ కోసిపెట్టిన పలకల్లోంచి ఎంచుకుని లేపినది. ఆ ఎంపిక చేసినవాడికి రాయి గురించి ఎంత తెలుసో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

తర్వాత పాదాల దగ్గర చూడండి. సమాధి చుట్టూ చిన్న రాళ్లు పోసిన తక్కువ ఎత్తు దిబ్బ ఉంటుంది, అండాకారంలో. ఇలాంటి సమాధులన్నీ ఒకప్పుడు పూర్తిగా మట్టి కప్పి ఉండేవని, మట్టి పోయి రాళ్లు మిగిలాయని చాలామంది చెబుతుంటారు. పోల్‌నబ్రోన్‌లో తవ్వినప్పుడు అలా తేలలేదు, ఆ దిబ్బ కట్టిన రోజున కూడా ఇంతకంటే పెద్ద ఎత్తేమీ లేదు, నిలబెట్టిన రాళ్లు కదలకుండా పట్టుకోవడం దాని పని. అంటే మనం ఇప్పుడు చూస్తున్న ఈ గాలిలో తేలుతున్నట్టున్న కప్పుబండను వాళ్లూ దాదాపు ఇలాగే చూశారు, ఇలా కనిపించాలనే కట్టారు.

ఇప్పుడు సమాధి చుట్టూ కట్టిన తాడు దాటకుండా నెమ్మదిగా ఒకసారి తిరగండి. కంపాస్ తీసి ద్వారం ఎటు ఉందో చూసుకోండి, ఉత్తరం వైపు వస్తుంది. ద్వారానికి అటూ ఇటూ ఉన్న రెండు రాళ్లే పోర్టల్ రాళ్లు, మనిషెత్తు ఉంటాయి, మధ్యలో కింద గడపలాంటి ఒక అడ్డరాయి. తూర్పు వైపు పోర్టల్ రాయిని ప్రత్యేకంగా గమనించండి. 1985లో దాని అసలు రాయికి పగులు కనిపించింది, కట్టడమే కూలిపోయే ప్రమాదం వచ్చింది, అందుకే దాని బదులు కొత్త రాయి పెట్టారు. ఆ మరమ్మతు అవసరం వల్లే 1986, 1988లలో పురావస్తు శాస్త్రవేత్త ఆన్ లించ్ ఇక్కడ తవ్వకం జరిపారు, ఆ తవ్వకం లేకపోతే ఈ సమాధి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ ఉండేది.

ఆఖరున పక్కకు జరిగి, కప్పుబండ ఏటవాలు ఎటు ఉందో, బరువు ఏ రాళ్ల మీద పడుతోందో చూడండి. అయిదు టన్నులు కొన్ని అంగుళాల ఆసరా మీద ఆరు వేల ఏళ్లు నిలబడింది. పిల్లలుంటే కాగితం మీద ఆ ఆనించిన చోట్లు గీయమనండి, ఫొటో కంటే గీసినప్పుడే బాగా కనిపిస్తుంది.

7. లోపల ఎవరున్నారో తెలుసుకుని నిలబడండి

ఐర్లాండ్‌లో చాలా చోట్ల నేల ఆమ్లగుణం వల్ల ఎముకలు కరిగిపోతాయి, సమాధి దొరుకుతుంది కానీ మనిషి దొరకడు. ఇక్కడ సున్నపురాయి వాటిని కాపాడింది. గది అడుగున ఉన్న గ్రైక్‌ల లోతుల్లోకి జారిన ఎముకలు అలాగే ఉండిపోయాయి. మొదటి లెక్కలో కనీసం 22 మంది అన్నారు, తర్వాత మళ్లీ పరిశీలించినప్పుడు 30 దాటింది. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. క్రీ.పూ. 3800 నుంచి 3200 వరకు, సుమారు ఆరు వందల ఏళ్ల పాటు ఇక్కడ మనుషులను ఉంచారు. ఆరు వందల ఏళ్లకు ముప్పై చిల్లర మంది అంటే ఊళ్లో పోయిన ప్రతివాళ్లకూ ఇక్కడ చోటు లేదు, ఎవరినో ఎంచుకునేవారు. ఎవరిని, ఎందుకు అన్నది ఆ రాళ్ల ముందు నిలబడి ఆలోచించాల్సిన ప్రశ్న.

పెద్దవాళ్లలో ఎక్కువమంది ముప్పై ఏళ్లు దాటకుండానే పోయారు. భుజాలు, మెడల ఎముకల్లో బరువులు మోసిన అరుగుదల ఉంది. ఒక మగమనిషి తుంటి ఎముకలో రాతి ఆయుధపు మొన విరిగి దిగబడి ఉంది. ఎముకలతో పాటు నునుపు చేసిన రాతి గొడ్డలి, ఎముకతో చేసిన పతకం, స్ఫటికాలు, బాణపు మొనలు, కుండ పెంకులు దొరికాయి. ఎముకలు కలగాపులగంగా ఉన్నాయి కాబట్టి శవాలను ముందు ఇంకోచోట ఉంచి, ఎముకలే తెచ్చి ఇందులో పెట్టారని తవ్వినవాళ్లు భావించారు. తర్వాత అవే ఎముకలను మళ్లీ చూసినవాళ్లు, కాదు, శవాలనే ఇక్కడ పెట్టి ఉంటారు, కాలక్రమంలో కదిలాయి అన్నారు. ఈ వాదం ఇంకా తెగలేదు.

2020లో ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ పరిశోధకులు ఇక్కడి ఎముకల డీఎన్‌ఏ చదివి ప్రచురించారు. అందులో ఒక మగ శిశువుకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టు తేలింది. అప్పటికి ప్రపంచంలో తెలిసినవాటిలో అదే అతి పాత ఉదాహరణ, సుమారు అయిదున్నర వేల ఏళ్ల కిందటిది. అందరికీ చోటు దొరకని ఆ గదిలో ఆ పసివాడికి చోటు ఇచ్చారు. వికలాంగులైన పిల్లలను పాతకాలంలో విసిరేసేవారని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడల్లా నాకు ఈ బిడ్డే గుర్తొస్తాడు.

ద్వారం ముందు భాగంలో మరో బిడ్డ ఉంది, అప్పుడే పుట్టిన శిశువు. ఆ ఖననం కంచు యుగానిది, అంటే సమాధి కట్టిన దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత, దీన్ని కట్టినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేని రోజుల్లో, ఎవరో తల్లిదండ్రులు ఆ బిడ్డను తెచ్చి ఇక్కడే పెట్టారు. ఈ అలవాటు తర్వాత కూడా పోలేదు. ఐర్లాండ్‌లో బాప్టిజం కాకుండా చనిపోయిన పసిబిడ్డలను చర్చి శ్మశానంలో పూడ్చనిచ్చేవారు కాదు, అలాంటి బిడ్డలను పూడ్చిన చోట్లను కిల్లీన్‌లు అంటారు, వాటిలో కొన్ని ఇలాంటి పాత కట్టడాల్లోనే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా అది సాగింది. కాబట్టి పొలంలో ఏదైనా పాత కట్టడం దగ్గర చిన్న చిన్న గుర్తురాళ్లు కనిపిస్తే, అక్కడ ఉన్నది ఆ ఊరివాళ్ల అమ్మమ్మలకు తోబుట్టువు కావచ్చు. గొంతు తగ్గించండి.

8. గ్లెనిన్‌షీన్: ఎవరూ ఆగని సమాధి

పోల్‌నబ్రోన్ నుంచి అదే ఆర్480లో బాలీవాన్ వైపు ఒకటి రెండు కిలోమీటర్లు వెనక్కి రండి. రోడ్డు పక్క పొలంలోనే గ్లెనిన్‌షీన్ వెడ్జ్ సమాధి ఉంది. బస్సులన్నీ దీన్ని దాటుకునే వెళ్తాయి. చూడటానికి పెద్ద ఆకర్షణ లేదు, నాలుగు పలకలు నిలబెట్టి పైన ఒక పలక మూసిన రాతి పెట్టె. అయినా పోర్టల్ సమాధి చూసిన వెంటనే దీన్ని చూస్తే తేడా చేతికి అందినట్టు తెలుస్తుంది. అక్కడ పైకి లేపి చూపించడం, ఇక్కడ నేలకు దగ్గరగా ఒదిగించడం. ముందు వైపు ఎత్తెంత, వెనక వైపు ఎత్తెంత చూడండి, వెడల్పు కూడా. కంపాస్ పెట్టండి. వెడ్జ్ సమాధులు మామూలుగా పడమరకో నైరుతికో ముఖం పెట్టి ఉంటాయి, సూర్యుడు దిగే వైపు. సాయంత్రం వెళ్లమన్నది ఇందుకే.

ఈ టౌన్‌ల్యాండ్‌లోనే 1932లో, కుందేళ్ల వేటకు వెళ్లిన ఒక కుర్రాడికి గ్రైక్ సందులో బంగారు కంఠాభరణం దొరికింది. సమాధి కంటే చాలా తర్వాతిది, క్రీ.పూ. 800-700 కాలం. డబ్లిన్ కిల్‌డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉంది, ప్రవేశం ఉచితం. బరెన్ వెళ్లొచ్చిన తర్వాతి వారం దాన్ని చూడండి, ఏ బండ సందులో పడి ఉందో తెలిశాక చూసే చూపు వేరు.

9. పొలం లోపల ఉన్న సమాధికి: అనుమతి

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఐర్లాండ్‌లో పొలాల మీదుగా ఎవరైనా నడవొచ్చన్న హక్కు లేదు. మ్యాపులో సమాధి కనిపించింది, దానికి ప్రభుత్వ నంబరు ఉంది కదా అని గేటు దూకకూడదు, కట్టడానికి చట్టరక్షణ ఉన్నా కింద నేల రైతుది. దగ్గర్లోని ఇంటి తలుపు తట్టండి. మీరెవరో, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పి, మీ పొలంలో పాత సమాధి ఉందట, చూసి రావచ్చా అని అడగండి. చాలావరకు సరేననే అంటారు, అంతేకాదు దారి చూపిస్తారు, వాళ్ల తాత చెప్పిన కథ కూడా చెబుతారు, ఆ కథ ఏ మ్యాపులోనూ ఉండదు. వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి.

లోపలికి వెళ్లాక గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే మూయండి. సన్న తీగ కంచె కనిపిస్తే కరెంటు ఉందనే అనుకోండి. ఆవులూ దూడలూ కలిసి ఉన్న పొలంలో వాటి మధ్య నుంచి నడవకండి, ఆబోతు ఉంటే అసలు దిగకండి. కుక్కను తీసుకెళ్లకండి, ముఖ్యంగా గొర్రెలు ఈనే వసంతంలో. బరెన్‌లో ఒక ప్రత్యేకత ఉంది, అక్కడ పశువులను చలికాలంలో కొండల మీద మేపుతారు, ఎండాకాలంలో కిందికి దింపుతారు, కాబట్టి నవంబర్‌లో ఎత్తు మీద పొలాలు ఖాళీగా ఉంటాయని అనుకోవద్దు. కారును పొలం గేటుకు అడ్డంగా ‘ఒక్క అయిదు నిమిషాలే’ అని కూడా పెట్టొద్దు, సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ వస్తుంది.

10. చేయకూడనివి

రాళ్ల మీద ఎక్కొద్దు, కప్పుబండ మీద పిల్లలను కూర్చోబెట్టి ఫొటో అసలే వద్దు. పోల్‌నబ్రోన్ దగ్గర జనం చేసే ఇంకో పాడు పని చెప్పాలి. చుట్టూ ఉన్న రాతిముక్కలు ఏరి చిన్న చిన్న డాల్మెన్‌లు పేర్చడం. సరదాగా కనిపిస్తుంది, కానీ ఆ రాతిముక్కల కింద పురుగులకూ మొక్కలకూ నీడ పోతుంది, పేర్చిన ముక్కల్లో కొన్ని పాత గోడలవో అసలు సమాధి దిబ్బవో కావచ్చు, ఒకసారి కదిలితే ఏది ఎక్కడిదో ఇక తేలదు. పిల్లలకు ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి.

నాణేలు, పూలు, కొవ్వొత్తులు సందుల్లో పెట్టొద్దు. కొవ్వొత్తి వేడికి రాయి పగులుతుంది, మసి పోదు. చెక్కుళ్లు ఉన్న రాళ్ల మీద సుద్దతో గీయడం, నీళ్లు పోయడం, కాగితం పెట్టి రుద్దడం ఏదీ వద్దు, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే చాలు, గీతలు నీడలతో లేచి కనిపిస్తాయి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం ఐర్లాండ్‌లో నేరం. పాత వస్తువు ఏదైనా కంటపడితే తవ్వి తీయకుండా ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి వెంటనే నేషనల్ మ్యూజియంకో గార్డా (ఐర్లాండ్ పోలీసు) స్టేషన్‌కో చెప్పాలి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు అనుమతుల సంగతి చూసుకోండి.

11. తర్వాత ఎక్కడికి

బరువు చూసి ఆశ్చర్యపోవాలంటే కార్లో పట్టణం పక్కనే బ్రౌన్స్‌హిల్ డాల్మెన్. దాని కప్పుబండ వంద టన్నులు ఉంటుందని అంచనా, డబ్లిన్ నుంచి సగం రోజులో వెళ్లి రావచ్చు. వెడ్జ్ రకంలో పెద్దది చూడాలంటే కార్క్ జిల్లా గ్లాన్‌వర్త్ దగ్గర లబ్బకాలీ. 1934లో తవ్వినప్పుడు ఒక గదిలో తల లేని స్త్రీ అస్థిపంజరం, ఇంకో గదిలో పుర్రె దొరికాయి.

పాసేజ్ సమాధుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు మీత్ జిల్లా ఓల్డ్‌కాసిల్ దగ్గర లఖ్‌క్రూ కొండలు. పైకి ఎక్కాలి, గాలి గట్టిగా కొడుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబర్ విషువత్తుల్లో సూర్యోదయపు వెలుగు కెయిర్న్ టీ అనే దిబ్బ లోపలికి దూరి, వెనక గోడ రాయి మీద చెక్కిన గుర్తులను తాకుతుంది. లోపలికి పంపుతున్నారో లేదో బయల్దేరే ముందు హెరిటేజ్ ఐర్లాండ్ సైట్‌లో చూసుకోండి, తాళం వేసి ఉండొచ్చు. న్యూగ్రేంజ్‌కు బ్రూ నా బోయిన్ విజిటర్ సెంటర్‌లో టికెట్ ముందే బుక్ చేసుకోవాలి, నేరుగా దిబ్బ దగ్గరికి కారులో వెళ్లనివ్వరు. అక్కడ డిసెంబర్ 21 చుట్టూ పొద్దున్నే గదిలోకి వెలుగు వస్తుంది, ఆధునిక కాలంలో దాన్ని గదిలో నిలబడి మొదట చూసి నమోదు చేసింది 1967లో, తవ్వకం నడిపిన ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ. ఆ రోజుల్లో లోపల ఉండటానికి లాటరీ తీస్తారు, దరఖాస్తు ఉచితమే, పెట్టండి. ముందు భాగంలో మెరిసే తెల్ల గోడ మాత్రం 1970లలో మళ్లీ కట్టినది, అసలు అలా నిలువుగా ఉండేదా అన్న దాని మీద పండితుల్లో గట్టి తగాదా ఉందని తెలిసి చూడండి.

స్లైగోలో నాక్‌నరే కొండ మీద, పాత ఐరిష్ కథల్లోని రాణి మేవ్ పేరుతో పిలిచే దిబ్బ ఉంది, ఇంతవరకు ఎవరూ తవ్వనిది. కొండ ఎక్కండి, దిబ్బ మాత్రం ఎక్కొద్దు. జనం తొక్కిడికి రాళ్లు జారిపోతున్నాయి, ఎక్కొద్దని అక్కడివాళ్లు ఎన్నో ఏళ్లుగా బతిమాలుతున్నారు.

12. చూసినది రాసుకోండి

కారెక్కే ముందే, చేతులు చల్లబడినా సరే, నోట్‌బుక్‌లో రాయండి. టౌన్‌ల్యాండ్ పేరు, నమోదు నంబరు, తేదీ, వాతావరణం, ద్వారం దిక్కు, నిలబడి ఉన్న రాళ్లెన్ని, పడిపోయినవెన్ని, అక్కడ నిలబడితే ఏ కొండ, ఏ నీరు కనిపిస్తున్నాయి, రైతు ఏం చెప్పాడు. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు, పక్కన మనిషి నిలబడి ఉన్నది ఒకటి, ఎత్తు తెలియడానికి.

ఆ ఫొటోలను ఇంటికొచ్చాక హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్‌లోని వివరణతో పోల్చి చూడండి. అందులో నిలబడి ఉందన్న రాయి మీకు పడిపోయి కనిపించినా, కొత్తగా తవ్విన గుంతో, మంట పెట్టిన మసో, ట్రాక్టర్ గుద్దిన దెబ్బో కనిపించినా, ఫొటోలూ లొకేషనూ జోడించి నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్‌కు ఈమెయిల్ పెట్టండి. మారుమూల పొలాల్లో ఉన్నవాటిని అధికారులు వచ్చి చూసేది ఎప్పుడో ఒకసారి, మధ్యలో చూసేది మీలాంటి వాళ్లే.